ఉపకారమా? వేతనమా?

"ప్లీడరుగారూ, మా అమ్మాయికి నాలుగు నెలలుగా డబ్బు రాలేదు. నోటీసు పంపవచ్చునా?" అని మా నాయుడుపేట వ్యాపారి యొకరు మొన్న నన్నడిగిరి. ఆ యువతి తెలుగుదేశమునకు వెలుపల నొక పరిశోధనాలయమున అణుజీవశాస్త్రములో డాక్టరేటు పట్టమునకై కృషి చేయుచున్నది. నోటీసు ఎవరికి పంపవలెను? ఏమని పంపవలెను? ఆమె ఉద్యోగిని కాదు, కూలి కాదు. కాగితములపై విద్యార్థిని మాత్రమే. నేను చెప్పిన సమాధానము ఆయనకు తృప్తి గలిగింపలేదు. నాకును గలిగింపలేదు.

విద్యార్థి యనగానే మనకు పుస్తకము, పరీక్ష, వేసవి సెలవులు స్ఫురించును. ఈ విద్యార్థులకు సెలవు లేదు. పాత్రలలో పెంచు జీవకణములకు రెండు మూడు దినముల కొకమారు ఆహారద్రవమును మార్చవలెను. సంక్రాంతి వచ్చినదని అవి యాగవు. సున్నకు ఎనుబది డిగ్రీల దిగువ చలిలో దాచిన నమూనాలకు అర్ధరాత్రి విద్యుత్తు పోయినచో పరుగెత్తవలసినవారు వీరే. విదేశమునుండి రావలసిన ఆంటీబాడీ సీసా యొక్కదానికై వారములు నిరీక్షింతురు. అది వచ్చిన పిదప ప్రయోగము ఫలింపదు. ఏల ఫలింపలేదో కనుగొనుటకు మరి రెండు నెలలు! దీనిని వట్టి చదువనుట వరినాటును షికారనుటవంటిది.

మనవారిలో నీ కష్టము ననుభవించిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో వెలువడిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుడుగా పనిచేసి పొట్ట పోసికొనుచు హార్వర్డులో శోధన సాగించిరి. భాస్వరమును కొలుచుటకు ఫిస్కుతో గూడి 1925లో ప్రకటించిన పద్ధతి నేటికిని వారిరువురి పేర బరగుచున్నది. 1927లో ఫాస్ఫోక్రియాటినును వెల్లడించిరి. డాక్టరేటు మాత్రము 1930లో లభించెను. ఆయన సహించెను గనుక నేటివారును సహింపవలెనని కొందరు పెద్దలు వాదింతురు. ఎంత వింత న్యాయము! పరదేశమున మనవాడు పడిన యిడుమ స్వదేశమున మన పిల్లలకు ఆదర్శ మగునా?

1977లో భార్గవగారి నాయకత్వమున హైదరాబాదులో వెలసిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమువంటివి నేడు మనకు గలవు. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు నమూనాలు పరీక్షించుటకు, వైరసు జన్యుక్రమమును చదువుటకు దేశము ఇట్టి సంస్థలనే ఆశ్రయించెను. భవనములు, యంత్రములు మాత్రమే ఆ పని చేయలేవుగదా!

ధనము విషయము కొంత మెరుగుపడినమాట నిజమే. 2019 ఆరంభమున పరిశోధకులు ఢిల్లీలో వీథికెక్కిన పిమ్మట నెలసరి భృతి 25,000 రూపాయలనుండి 31,000కు పెరిగెను; 2023 జనవరి 1 మొదలు 37,000 అయ్యెను. పై తరగతివారికి 42,000. చిన్న మొత్తము కాదని మా బార్ రూములో నొకరు చమత్కరించిరి. వచ్చిననాడు కాదు; రానినాడో? మరియు రెండు తరగతులును గలిసి అయిదేండ్లతో ముగియును. ప్రయోగము ముగియలేదన్న గోడు వినువారు లేరు.

దీనికి మన భాషలో ఉపకారవేతనమని పేరు. ఎవరు పెట్టిరో గాని ఉన్న చిక్కంతయు అందులోనే యున్నది. పని పుచ్చుకొనునపుడు అది వేతనము. చెల్లింపవలసి వచ్చునపుడు ఉపకారము. కార్మికుని జీతము మరునెల యేడవ దినము, పెద్ద సంస్థలలో పదవ దినము దాటరాదని 1936లో, తెల్లదొరల యేలుబడిలోనే, చట్టమైనది. ఆ గడువునే పరిశోధకునికిని వర్తింపజేయుడు. దాటినచో వడ్డీ చెల్లింపుడు. ఇంతకుమించి మేము కోరుట లేదు.

ఆ వ్యాపారి ప్రతినెల కొట్టు సొమ్ములోనుండి కుమార్తెకు పంపుచునే యున్నారు. నోటీసునకు బదులు పార్లమెంటు సభ్యునికొక విజ్ఞాపన వ్రాసి యిచ్చితిని. చదివి సంతకము చేసిరి. కుమార్తె పేరు, ఆ సంస్థ పేరు మాత్రము కొట్టివేయుమనిరి. థీసిసు మీద గైడు సంతకము ఇంకను కావలెనట.