మోటారు లేకుండా నీరు పైకెలా?

ప్రశ్న: మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించాలంటే మోటారు వెయ్యాలి. మరి కొబ్బరిచెట్టు తల దాకా నీరు ఎలా చేరుతుంది?

జవాబు: చెట్టుకు ఎండే మోటారు! ఆకుల్లోని పత్రరంధ్రాల ద్వారా నీరు ఆవిరైపోతూ ఉంటుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, పైన కొంత ఆవిరైతే దాని వెనకున్న నీరంతా చేంతాడు లాగినట్లు పైకి వస్తుంది. వేరు నుంచి ఆకు వరకు ఈ నీటికి దారి, దారువు అనే సన్నని గొట్టాల వరస. ఐర్లండ్ శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ 1894లో ఈ సంగతి వివరించారు. గట్టు మీద పెట్టిన పంపు బావి నీటిని 10 మీటర్లకు మించి పీల్చలేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని 'హైపీరియన్' అనే రెడ్‌వుడ్ చెట్టు ఎత్తు 115 మీటర్ల పైమాటే. అయినా దాని చిటారు కొమ్మకూ నీరందుతుంది!

నత్రజని, పొటాషియం వంటి పోషకాలూ ఈ నీటిలో కరిగే పైకి వెళ్తాయి. అయితే మట్టిలోంచి వాటిని తీసుకోవడానికి వేరు శక్తిని ఖర్చు చేయాలి. అందుకు దానికి గాలి కావాలి. కుండీలో రోజుల తరబడి నీరు నిలిస్తే వేళ్లకు గాలాడదు. అప్పుడు తడిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. ఎరువు ఎక్కువైనా ముప్పే. ఉప్పు కలిపిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్లు, వేళ్లలోని నీరే మట్టిలోకి వచ్చేస్తుంది. అందుకే కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూడండి. ఎరువు కొద్దికొద్దిగానే వేయండి.