చిన్న బడికీ ఒక జట్టు కావాలి

మనం ఫుట్‌బాల్ అనే ఆటను అమెరికాలో సాకర్ అంటారు. అక్కడి కళాశాలల పురుషుల జట్లకు జాతీయ పోటీ 1959 నుంచి జరుగుతోంది. ఎన్‌సీఏఏ అనే క్రీడా సంఘం దీన్ని నడుపుతుంది. ఇప్పుడు 48 జట్లు ఆడుతున్నాయి. చివరకు మిగిలే నాలుగు జట్ల పోరును కాలేజ్ కప్ అంటారు. ఎక్కడో జరిగే ఆ పోటీతో హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ తెలుగు బడులకు ఏం పని అని అడగవచ్చు. పని ఉందనే మేము అంటున్నాం.

2024 డిసెంబరులో ఆ కప్పు వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి దక్కింది. ఆ రాష్ట్ర జనాభా సుమారు ఆరున్నర లక్షలు. మన దగ్గర ఒక మోస్తరు నగరంలో అంతమంది ఉంటారు. టోర్నీలో 16 బలమైన జట్లకు ముందే ర్యాంకులిస్తారు. వెర్మాంట్‌కు ఆ ర్యాంకు కూడా లేదు. అయినా ఫైనల్లో అదనపు సమయంలో 2-1 తేడాతో మార్షల్ జట్టును ఓడించి మొదటిసారి విజేత అయింది. ఇలాంటివి జరగడానికి ఆటగాళ్ల పట్టుదల ఒక కారణమైతే, పోటీ కట్టుబాటు మరో కారణం. అక్కడి కళాశాలలు లీగులుగా ఏర్పడి ముందు తమలో తాము ఆడుకుంటాయి. చిన్న కళాశాలల లీగు అయినా సరే, దాని విజేతకు జాతీయ పోటీలో చోటు ఉంటుంది. మిగిలిన చోట్లనే ఎంపిక సంఘం నింపుతుంది. అంటే చిన్నవాడికి తలుపు ఒకరి దయతో కాదు, నిబంధనతోనే తెరుచుకుంటుంది.

ఈ పోటీలో అందరికంటే ఎక్కువగా, 10 సార్లు గెలిచింది సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం. ఆ పదీ 1959 నుంచి 1973 వరకు జరిగిన 15 పోటీల్లోనే వచ్చాయి. 1967లో మాత్రం మిషిగన్ స్టేట్‌తో కప్పు పంచుకుంది. ఆ జట్టు కోసం ఆటగాళ్లను దూరదేశాల నుంచి తేలేదు. ఎక్కువమంది ఆ ఊరి కుర్రాళ్లే. వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉన్న పేటల్లో చర్చీల ఆధ్వర్యంలో చిన్న చిన్న బడులుండేవి. ఆ బడులన్నీ కలిసి పిల్లల లీగు నడిపాయి. ఒక్కో బడి చిన్నదే అయినా లీగు పెద్దది. కళాశాల జట్టుకు ఆటగాళ్లు అక్కడి నుంచే వచ్చారు.

అదే సెయింట్ లూయిస్‌ను 1971 ఫైనల్లో 3-2తో ఓడించిన జట్టు హోవార్డ్ విశ్వవిద్యాలయానిది. నల్లజాతి విద్యార్థుల చదువు కోసం వెలసిన సంస్థ అది. కరీబియన్ దీవుల నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థులు ఆ జట్టులో ఎక్కువ. శిక్షకుడు లింకన్ ఫిలిప్స్‌ది ట్రినిడాడ్. తర్వాత అర్హత నిబంధనల పేరుతో ఆ టైటిల్‌ను రద్దు చేశారు. విదేశీ విద్యార్థి 19 ఏళ్లు దాటాక తన దేశంలో ఆడిన కాలాన్ని కళాశాలలో ఆడినట్టే లెక్కగట్టి కోత పెట్టే నిబంధన అందులో ఒకటి. హోవార్డ్ కోర్టుకు వెళ్లింది. విదేశీయులకు మాత్రమే వర్తించే ఆ నిబంధన సమానత్వానికి విరుద్ధమని కోర్టు కొట్టేసింది. మిగతా నిబంధనలు నిలిచాయి. టైటిల్ మాత్రం తిరిగి రాలేదు. 1974లో హోవార్డ్ ఒక్క ఆటా ఓడకుండా మళ్లీ ఫైనల్‌కు వచ్చి, సెయింట్ లూయిస్ నగరంలోనే, నాలుగుసార్లు అదనపు సమయం ఆడి, అదే ప్రత్యర్థిని 2-1తో ఓడించింది.

ఇందులో మాకు కనిపించేది ఇదీ. అందరికీ ఒకే నిబంధన అన్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. అది ఎవరి మీద బరువు వేస్తోందో చూడాలి. మన బడుల సంగతే తీసుకోండి. పోటీకి బడి పేరుతోనే జట్టు పంపాలంటే ఫుట్‌బాల్‌కు 11 మంది, అదనంగా మరో నలుగురైదుగురు ఒకే వయసు పిల్లలు కావాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కలిపి 20 మంది మగపిల్లలు కూడా లేని తెలుగు బడులు మాకు తెలుసు. అక్కడ జట్టు ఎలా కుదురుతుంది? మా పిల్లలు రారని ఎవరూ అనలేదు, నిజమే. కానీ లెక్కే వాళ్లను బయట నిలబెడుతోంది. బాగా ఆడే పిల్లవాడు చివరకు జట్టున్న బడిలో చేరిపోతాడు. అతడి వెనకే తమ్ముడు, చెల్లెలు కూడా వెళ్లిపోతారు. తెలుగు బడిలో హాజరు పట్టీ అలా కూడా చిక్కిపోతోంది.

ముందు పిల్లలకు తెలుగు అక్షరం దక్కనివ్వండి, ఆటలు తర్వాత అనే పెద్దలున్నారు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక, మిగతా చోట్ల కొత్త నియామకాలు తగ్గాక వాళ్ల ఆందోళన ఎంత నిజమో మాకు తెలుసు. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. దానికోసం పోరాడాల్సిందే. అయితే పిల్లవాడు బడిలో నిలవడానికి భాషాభిమానం ఒక్కటే చాలదు. బడి అతడికి సంతోషంగా ఉండాలి, నలుగురిలో చెప్పుకునేలా ఉండాలి. ఆటలాడితే చదువు పాడవుతుందనే తల్లిదండ్రులకు మరో మాట. ఆ అమెరికా పోటీలో ఆడేవాళ్లూ తరగతులకు వెళ్లే విద్యార్థులే. చాలాకాలం ఒక్కో జట్టుకు పూర్తి ఉపకారవేతనాలు 9.9కు మించి ఇవ్వకూడదని నిబంధన ఉండేది. పాతికమంది పంచుకుంటే ఒక్కొక్కరికి దక్కేది ఎంత? డబ్బు కోసమే ఆడితే ఆ జట్లు నిలిచేవే కావు.

పీఈటీ లేరు కాబట్టి ఆట నేర్పలేమని మేమూ అనుకోనక్కర్లేదు. భారత ఫుట్‌బాల్ జట్టును 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపిన హైదరాబాద్ రహీం సాబ్ బడిపంతులే.

మేము కోరేవి మూడు. విద్యార్థులు తక్కువగా ఉన్న రెండు మూడు బడులు కలిసి ఒకే జట్టుగా తాలూకా పోటీల్లో ఆడేందుకు అనుమతించాలి. ఈ వెసులుబాటు తెలుగు బడులకే కాదు, పిల్లలు తక్కువైన కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడులకూ ఉండాలి. ఆడపిల్లల జట్లకూ ఇదే వర్తించాలి. రెండోది, మైదానం లేని బడికి పక్క బడి మైదానంలో వారానికి రెండు సాయంత్రాలు కేటాయించాలి. మూడోది ప్రభుత్వం చేతిలో లేదు, మన చేతిలోనే ఉంది. ఒక జిల్లాలోని తెలుగు బడులు చిన్న లీగు మొదలుపెట్టాలి. ఒక బంతి, నాలుగు కర్రలు, ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు. తెలుగు సంఘాలు ఉగాది సభలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే ప్రయాణ ఖర్చులు గడుస్తాయి.

జూన్‌లో బడులు తెరిచాక క్రీడల షెడ్యూలు రావడానికి ఎంతో కాలం పట్టదు. ఈలోపే ప్రధానోపాధ్యాయులు కలిసి సంతకాలతో ఉమ్మడి జట్టు కోసం దరఖాస్తు పెట్టాలి. ఒక్కొక్కరే అడిగితే కాదనడం తేలిక. పది బడులు కలిసి అడిగితే కనీసం జవాబైనా ఇవ్వాల్సి వస్తుంది.