ఇల్లు ఎవరి బాకీ?

సోలాపురమున మన సభలలో ఇండ్ల ప్రస్తావన వచ్చినపుడెల్ల "అది ప్రభుత్వము పని" యని ఒకరు, "కులపెద్దల ధర్మము" అని మరియొకరు పలుకుచుందురు. యజమాని మాట మాత్రము ఎవరును ఎత్తరు. జీవితమంతయు జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి గైకొన్న గుమాస్తాలము గనుక, మేమీ లెక్కను మరియొక తీరున వేయుచున్నాము.

తెలంగాణ పల్లెలనుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు ఈ ఊర తరతరములుగా నున్నవి. మగవారు మరమగ్గముల మీద తువ్వాళ్లు, చద్దర్లు నేయుచుండ, స్త్రీలు బీడీలు చుట్టుచున్నారు. ఎక్కడ చుట్టుచున్నారు? కార్ఖానాలో తునికాకు, తంబాకు తూచి యిత్తురు, పని యింటనే. రాత్రి ఆకు తడుపుట, తడిగుడ్డలో చుట్టి యుంచుట, కత్తెరతో కోయుట, చుట్టుట, కట్టలు కట్టుట, అన్నియు ఒక్క గదిలో, పొయ్యి ప్రక్కన, పసిబిడ్డ ఊయల క్రింద. ఆ గది అద్దె ఆమెది, దీపము ఖర్చు ఆమెది. కొట్టము కట్టు ఖర్చు యజమానికి తప్పినది. ఆ మిగిలిన సొమ్ము ఎవరి పద్దున జమపడెనో అడుగువారు లేరు.

తేయాకు తోటల యజమాని కూలీకి ఇల్లీయవలెనని 1951 నాటి చట్టము విధించెను. బీడీ యజమానికి అంత భారము ఎన్నడును లేదు. 1976లో బీడీల మీద సుంకము వేసి సంక్షేమనిధి నెలకొల్పిరి. ఇండ్లకు, వైద్యమునకు, పిల్లల చదువునకు అందుండి సాయము వచ్చెడిది. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు ఆ సుంకమును రద్దుచేసిరి. బీడీ మాత్రము రద్దు కాలేదు!

నర్సయ్య ఆడం మాస్టరు నాయకత్వమున కార్మికస్త్రీలు ఏండ్లకొలది పోరాడి, కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేర పదివేల ఇండ్లు సాధించిరి. ఆయన పార్టీ మనలో పెక్కుమందికి నచ్చదు. మాకును అన్నిట నచ్చదు. అయినను లెక్క లెక్కయే. పిమ్మట అచటనే రేనగర్‌లో 30,000 ఇండ్ల పథకము సాగి, 2024 జనవరిలో 15,000 ఇండ్లను ప్రధానమంత్రి అప్పగించిరి. ఇల్లొకటికి కేంద్రము లక్షన్నర, రాష్ట్రము లక్ష. తక్కినది కార్మికుల సొమ్ము, కార్మికుల అప్పు. "ఊరక యిచ్చిన ఇండ్లు సోమరులను జేయు" ననువారు ఈ పద్దు చూచిరా?

ఇక కులపెద్దల మాట. మనవారు బడులు, కల్యాణమండపములు కట్టిరి, మెచ్చదగినదే. కాని గదుల వరుసలు కట్టి అద్దెకిచ్చువారును మనవారే. మా చిన్ననాట కప్పు కారుచున్నదని మా తల్లి చెప్పగా, ఇంటి యజమాని, మనవాడే, "గిన్నె పెట్టుకొనుమమ్మా" యనెను. ఆ గిన్నెలో పడు చినుకుల చప్పుడు మాకిప్పటికిని వినబడును.

భూమి, నీరు, దారి ప్రభుత్వమే యీయవలెను. అవి మరెవరి చేతిలోను లేవు. బీడీ సుంకమును మరల విధించి ఇండ్లకే వెచ్చింపవలెను. సుంకము వేసిన వ్యాపారము పోవునందురు. ఆ భయము ఉత్తది కాదు. బీడీ నానాటికి తగ్గుననియే మేమును తలంచుచున్నాము. అందుచేతనే యిప్పుడు రాబట్టవలెను. కార్ఖానా మూతపడిన పిమ్మట ఎవరిని అడుగుదుము? మిల్లులు మూతపడిన నాడు చాళ్లలోనివారి గతి మనము చూడలేదా?

దరఖాస్తులన్నియు మరాఠీలో నుండును. మన ముసలమ్మలకు చదువ రాదు. ఆదివారములందు సంఘ కార్యాలయమున ఇద్దరు గుమాస్తాలు కూర్చుండిన చాలును. మేము సిద్ధము. బల్ల, కుర్చీలు సంఘమువారు ఈయవలెను.