పెరటి ముచ్చట్లు: చలికొండ మొక్కకు వేడింట కాపురం

కిందటి నెల కరివేపాకుకు పట్టే చీడ గురించి వ్రాశాను. యీ నెల ఆర్కిడ్ మొక్క సంగతి, దానితోపాటు నేను చేసిన ఒక తప్పు సంగతి కూడా చెప్పుకోవలసి వున్నది.

మా పెద్దమ్మాయి యేర్కాడులో చదువుకున్నది. పెళ్లయి 2021లో పూణెకు కాపురానికి పోతూ, కొండమీద కొన్న రెండు సింబిడియం ఆర్కిడ్ కుండీలు నా చేతిలో పెట్టి, "నాన్నా, ఇవి పూసిననాడు ఫోటో పంపించు" అని రైలెక్కింది. గడ్డి దుబ్బులవంటి ఆ మొక్కలను చూసి మా అమ్మ, "ఇది బదనిక కదరా, చెట్టును పీల్చేస్తుంది" అన్నది. అది పొరపాటు. చాలా ఆర్కిడ్లు చెట్టుమీద వుంటాయేగాని, చెట్టు రసం త్రాగవు. గాలిలోని తేమ, వాననీరు, బెరడుమీద చేరిన ఆకుచెత్త, వాటికి అవే ఆధారం.

2022 ఎండాకాలం వచ్చింది. సేలం ఎండ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆకుల చివరలు మాడుతుంటే నాకు కంగారు పుట్టింది. చలిమొక్క కదా అని ఫ్రిజ్‌లోని మంచుగడ్డలు తెచ్చి రోజూ ఒక కుండీలో మొదట్లో పెట్టాను. "తులసికోటలో ఎన్నడైనా మంచు పోశామా?" అని అమ్మ గదమాయించినా వినలేదు. మూడు వారాలలో మొదలు మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే చేతికి వూడివచ్చింది. వేళ్లు చలికి దెబ్బతిన్నవి. కరిగిన నీరు నిలిచి, మిగిలినవాటిని కుళ్లబెట్టింది. అమ్మాయి ఫోను చేసి అడిగితే, "రెండూ బాగున్నవమ్మా" అన్నాను.

ఆ అబద్ధం మనసులో ముల్లులా వుండగా, ఒక ఆదివారం బస్సెక్కి యేర్కాడు వెళ్లాను. అక్కడ భారత వృక్షశాస్త్ర సర్వేవారి ఆర్కిడ్ వనమున్నది. అది చూసి, దారిలో ఒక నర్సరీలోని పెద్దాయనను అడిగాను. ఆయన అరవంలో చెప్పినదాని సారాంశమిది. పెద్దపూల సింబిడియముల పూర్వీకులు చాలామట్టుకు హిమాలయ ప్రాంతపు కొండలవి. పగటి వేడిని అవి కొంతవరకు ఓర్చుకుంటాయి, రాత్రి వేడిని ఓర్చుకోలేవు. మొక్క పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటుంది, రాత్రి అందులో కొంత ఖర్చు పెడుతుంది. రాత్రి వెచ్చగా వున్నకొద్దీ ఖర్చు పెరుగుతుంది. నెలజీతమంతా పదో తారీఖుకే అయిపోయే గుమాస్తా ఇల్లన్నమాట! ఇక పూవుకు మిగిలేదేమిటి?

ఇంటికి వచ్చి రెండో కుండీకి చేసినవి వరుసగా చెప్తాను. మీకూ పనికిరావచ్చును.

మొదటిది, చోటు. పడమటి వరండానుండి తీసి తూర్పువైపున పెట్టాను. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలవరకే ఎండ, తరువాత పచ్చటి నీడవల. ఆకు ముదురాకుపచ్చగా వుంటే వెలుతురు చాలలేదని, పసుపుపచ్చగా పాలిపోతే ఎక్కువైనదని గుర్తు. లేత ఆకుపచ్చ సరియైనది.

రెండవది, కుండీ. ప్లాస్టిక్ తీసివేసి, అడుగున, పక్కల చిల్లులున్న మట్టికుండీలోకి మార్చాను. కూజాలోని నీరు చల్లబడే కిటుకే యిది. మట్టిగోడనుండి తేమ ఆవిరౌతూ వేళ్లను చల్లబరుస్తుంది. లోపల మన్ను పోయలేదు. బొగ్గుముక్కలు, ఇటుకముక్కలు, రెండురోజులు నానబెట్టి ఉప్పు పోయేలా కడిగిన కొబ్బరిడొక్కల ముక్కలు వేశాను.

మూడవది, నీరు. ఉదయమే పోయాలి, అడుగునుండి కారిపోయేలా పోయాలి, పళ్లెంలో నిలవనీయరాదు. మా బోరునీళ్లకు కుండీమీద తెల్లని ఉప్పు పేరుకుంటున్నది. అందుకని వాననీరు పట్టివుంచి వాడుతున్నాను.

నాల్గవది, గాలి. కుండీ కింద వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పరచి, రాళ్లకు మించకుండా నీరు పోసి, దానిపైన కుండీ పెట్టాను. సాయంకాలం గచ్చు తడిపి, కిటికీ తెరచి, చిన్న ఫ్యాను దూరంగా తిప్పేవాణ్ణి. మా వూరి ఎండాకాలపు గాలి పొడిగాలి గనుక యీ ఉపాయం ఫలించింది. మద్రాసు, యానాము వంటి సముద్రానికి దగ్గరి వూళ్లలో గాలి ముందే చెమ్మగా వుంటుంది. అక్కడ తడివల్ల చల్లదనం తక్కువ, కుళ్లు భయం ఎక్కువ. ఫ్యానుకే ప్రాధాన్యమివ్వాలి.

ఇంత చేసినా 2023లో పూయలేదు, 2024 మొదట్లోనూ పూయలేదు. ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నవి. పూమొగ్గ కట్టడానికి శరదృతువులో కొన్ని వారాలపాటు రాత్రులు 10 నుండి 15 డిగ్రీలవరకు దిగాలి. సేలంలో చలికాలంలోనూ అంత దిగదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. మాకు యేర్కాడు పన్నెండువందల మీటర్లకు పైన వున్నది. అందుకని 2024 దసరా వెళ్లగానే కుండీని ఒడిలో పెట్టుకొని, ఇరవై మలుపులూ తిరిగి, కొండమీద వున్న మా మేనత్త ఇంట్లో దించివచ్చాను. "పుట్టింటికి పంపుతున్నావా?" అని అమ్మ నవ్వింది.

సంక్రాంతికి పూకాడ కనిపించిందని అత్తయ్య కబురుచేసింది. వెంటనే తెద్దామని నా ఆత్రం. ఆవిడ ఆపింది. మొగ్గల మీదుండగా చలినుండి వేడికి తెస్తే పసుపుబారి రాలిపోతాయట. సగం పూలు విచ్చాక 2025 మార్చిలో తెచ్చాను. చిలకపచ్చ రంగు రేకులు, ఎర్రచుక్కల పెదవి, ఏడు పూలు. చల్లనిచోట ఆరేడు వారాలుండే పూలు మా వేడికి మూడు వారాలే నిలిచాయి. అయినా మా వీధి వీధంతా వచ్చి చూసిపోయింది.

కొండమీద చుట్టము లేనివారు, పూవు కావాలంటే, పెద్దపూల సింబిడియం కొనకండి. వాండా, పొడుగుకాడల పూల డెండ్రోబియం సంకరజాతులు మన వేడికి ఓర్చుకుంటాయి. సింబిడియమే కావాలంటే మన కనుమలలో పెరిగే అలోయిఫోలియం అనే రకమున్నది. దాని పూలగుత్తి కిందికి వేలాడుతుంది గనుక వుట్టిలో పెట్టాలి. అడవినుండి మాత్రం పీకి తేవద్దు. నర్సరీలో పెంచినదే కొనండి.

ఇక మిగిలినది నా తప్పు. ఫోటో పంపాను. అమ్మాయి వెంటనే ఫోను చేసింది. "రెండోది పూయలేదా నాన్నా?" అని అడిగింది. గొంతు పెగలలేదు. మంచుగడ్డల కథంతా చెప్పి, "మూడేళ్లు నీకు అబద్ధం చెప్పానమ్మా" అన్నాను.

అవతలినుండి నవ్వు వినిపించింది. "నాకు తెలుసులే నాన్నా. మామ్మ ఆ వారమే చెప్పింది. నువ్వే చెప్తావని చూస్తున్నాను."

వంటింటి గుమ్మంలో కూర్చుని మా అమ్మ, ఏమీ ఎరగనట్లు, చిక్కుళ్లు వలుస్తున్నది.