టైఫాయిడ్ టీకా కొనుక్కోవాల్సిందేనా?

వానలు మొదలై నల్లాల్లో మురికి నీళ్లు రాగానే భైంసాలో మా ఓపీ వరుస పెరుగుతుంది. వారం నుంచి తగ్గని జ్వరం, పాచి పట్టిన నాలుక, కడుపునొప్పి. పిల్లల్ని తెచ్చిన అమ్మానాన్నలు ఎక్కువగా అడిగేది ఒకటే: ‘‘సార్, ఇమ్యూనిటీ పెరిగేందుకు ఏదైనా పౌడరు రాయండి.’’ నేను రాయను. టైఫాయిడ్ విషయంలో ఒంటికి కావాల్సింది పౌడరు బలం కాదు, శత్రువును గుర్తుపట్టే వీలు.

ఆ గుర్తుపట్టే పనిలో కీలకమైనవి సహాయక టి కణాలు. వీటితో ఓ తమాషా ఉంది. ఇవి క్రిమిని నేరుగా చూడలేవు. మన పత్తి మార్కెట్‌ను గుర్తు తెచ్చుకోండి. కొనేవాడు బండి మొత్తం దించి చూడడు. పిడికెడు పత్తి తీసి, పింజ లాగి చూస్తాడు. టి కణమూ అంతే. ముందుగా డెండ్రైటిక్ కణం క్రిమిని మింగి, దాని ప్రొటీన్లను చిన్న ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కలో ఉండేది పదిహేను, ఇరవై అమైనో ఆమ్లాలే. ఆ ముక్కను హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలో పెట్టుకుని లింఫు గ్రంథికి మోసుకెళ్తుంది. అక్కడ టి కణాలు ఒక్కొక్కటే వచ్చి తడిమి చూసి వెళ్తుంటాయి. ఆ ముక్క దేనికి సరిపోతుందో ఆ కణం ఆగుతుంది. ఆగినా వెంటనే కదలదు. ‘ప్రమాదం నిజమే’ అని డెండ్రైటిక్ కణం రెండో సంకేతం ఇవ్వాలి. ఈ జాగ్రత్త మన సొంత ప్రొటీన్ల మీద దాడి జరగకుండా. సంకేతం అందాక టి కణం వేలుగా పెరిగి, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకు తోడు నిలుస్తుంది. (హెచ్‌ఐవీ దెబ్బతీసేది వీటినే. సీడీ4 కౌంటు అంటే వీటి లెక్కే.)

చిక్కల్లా ఆ పళ్లెంతోనే. అందులో ప్రొటీన్ ముక్క ఇముడుతుంది, చక్కెర ఇమడదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా ‘వీఐ’ అనే చక్కెర గొలుసుల పొర కప్పుకొని వస్తుంది. పాత టీకా ఆ పొరతో చేసిందే. బి కణాలు దాన్ని పట్టుకున్నా టి కణాల సాయం అందదు. అందుకే రెండేళ్లలోపు పిల్లలకు అది పనికిరాదు, మిగతావారికీ మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి.

దీనికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. చక్కెరకు ధనుర్వాతం టీకాలోని ప్రొటీన్‌ను అతికించారు. చక్కెరను గుర్తుపట్టిన బి కణం రెండింటినీ కలిపి మింగి, ప్రొటీన్ ముక్కను పళ్లెంలో పెట్టి చూపుతుంది. టి కణం ఆ ముక్కను చూసి వచ్చి, చక్కెర మీద యాంటీబాడీలు చేసే కణానికి సాయపడుతుంది. రక్షణ జ్ఞాపకంగా నిలుస్తుంది. ఇలా హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఒకే డోసు. నేపాల్‌లో 20 వేల మంది పిల్లలపై జరిగిన పరీక్షలో టైఫాయిడ్ దాదాపు 82 శాతం తగ్గిందని 2019లో తేలింది.

నా అభ్యంతరం ఇక్కడే. పాకిస్తాన్ 2019లో, నేపాల్ 2022లో దీన్ని ఉచిత టీకాల్లో చేర్చాయి. పక్క రాష్ట్రంలో నవీ ముంబై కార్పొరేషన్ 2018లోనే తన పిల్లలకు వేయడం మొదలుపెట్టింది. మన జాతీయ టీకా సలహా బృందం 2022లో సిఫార్సు చేసింది. హైదరాబాద్‌లో పుట్టిన టీకాను భైంసా బిడ్డ మాత్రం ప్రైవేటులో వెయ్యికి పైగా పెట్టి కొనుక్కోవాలి. ఇదే కిటుకుతో చేసిన హిబ్, న్యుమోకాకల్ టీకాలు ఇప్పటికే ఉచితంగా వేస్తున్నాం కాబట్టి, ఇదేదో కొత్త ప్రయోగం అనడానికి లేదు. ఖర్చవుతుంది, నిజమే. మాత్రలకు లొంగని టైఫాయిడ్‌తో పిల్లలు రోజుల తరబడి సెలైన్ స్టాండు పక్కన పడుకోవడం కూడా ఖర్చే.

స్తోమత ఉన్నవారు ప్రభుత్వం కోసం ఆగకండి, పౌడరు డబ్బాల డబ్బు దీనికి పెట్టండి. ఇది పారాటైఫాయిడ్‌ను ఆపదు, కాబట్టి నీళ్లు కాచి తాగడం మానొద్దు. ఇక ప్రభుత్వానికి కొత్త శిబిరాలు కూడా అక్కర్లేదు. తొమ్మిదో నెలలో తట్టు టీకాకు తల్లులు పిల్లల్ని ఎలాగూ తీసుకొస్తారు. అదే రోజు ఈ సూదీ వేయొచ్చు.