బోర్డు ఊడితే స్టేషను పోతుందా?

ప్రశ్న (గుడ్లవల్లేరు నుంచి ఒక సోదరి): మా ఇంట్లో లినక్స్ కంప్యూటరు ఉంది. డెస్క్‌టాపు పేరు మాటే. మెనూలో అక్కరలేని పేర్లు తీసేస్తూంటే ఏమయిందో, మెనూ మొత్తం ఖాళీ అయింది. అంతా తుడిచి మళ్ళీ ఎక్కించాలంటున్నాడు పక్కింటి అబ్బాయి. కాలం చేసిన మా అత్తగారి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: తొందరపడకండమ్మా! మీ ఊరి స్టేషనులో పేరు బోర్డు ఊడిపడితే బందరు రైలు ఆగడం మానేస్తుందా? మెనూ కూడా అటువంటి బోర్డే. ప్రోగ్రాములూ, ఫోటోలూ ఉండే చోటు వేరు.

మీరు మెనూ సర్దినప్పుడు అసలు పట్టిక చెడలేదు. మీ పేరిట ఇంకో పట్టిక తయారయింది. కంప్యూటరు ముందుగా చదివేది దాన్నే. తప్పు బహుశా అందులోనే దొర్లి ఉంటుంది.

తెర మీది హోమ్ బొమ్మ తెరిచి, కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కండి. దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే 'కాన్ఫిగ్'లో 'మెనూస్' అనేది ఉంటుంది. అందులోని 'మాటే-అప్లికేషన్స్' ఫైలు పేరు చివర 'పాతది' అని తగిలించండి. చెరిపెయ్యకండి సుమా! తరువాత లాగౌట్ చేసి మళ్ళీ లోపలికి రండి. ఈసారి అసలు పట్టికనే చదువుతుంది. మీరు చేసుకున్న సర్దుబాట్లు పోతాయి, అంతే.

అప్పటికీ మెనూ రాకపోతే జబ్బు వేరన్నమాట. పక్కింటి అబ్బాయిని పిలవండి. కాని అత్తగారి ఫోటోలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయో లేదో కళ్ళారా చూసుకున్న తరువాతే!