బాలింతకు బాలింతే తోడు

మా ఆయనకు స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్. అమ్మ కోతల వేళకి శ్రీకాకుళం వెళ్లిపోయింది. గాజువాకలో మా సందంతా వినబడేలా పాప ఏడుస్తుంటే ఎదురింటి వదిన వచ్చింది. ఆమెదీ చంటిబిడ్డే. పాప నోరు రొమ్ముకు ఎలా పట్టించాలో పక్కన కూర్చుని చూపించింది. ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిందే, నాకు అప్పుడు తలకెక్కింది.

ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో 6 సార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువు, ఒంటి వేడి, బొడ్డు చూస్తారు. ఎంతో విలువైన పని అది. రాత్రుళ్లు మాత్రం తల్లివే. ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లకు ఇక్కడ పిన్నులూ పెద్దమ్మలూ ఎవరున్నారు?

వారానికో మధ్యాహ్నం వీధి బాలింతలందరినీ అంగన్‌వాడీలో కూర్చోబెట్టండి. ఉపన్యాసాలొద్దు. చాపలు, వేడినీళ్లు, ఎత్తిపొడుపుల్లేని మాటలు చాలు. బిడ్డ పాలు మానేసినా, తల్లికి రక్తస్రావం ఎక్కువైనా ఇరుగుపొరుగు సలహాలు పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.